అరిగిన బ్యాటరీలు

అప్పుడు నాకు పదమూడేళ్ళు.
లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో పదహారు ప్రశ్నలు రాసుకుని
బడి ఎగ్గొట్టి, అరటిగెలల జీపులో గెలల మీదే కూర్చుని
ఒవేహాస్ చేరాను.
ఒళ్ళో మేనమామ టేపురికార్డరు,
మూత ఊడిన చోట ప్లాస్టరు.

ఎలియేసర్ బుయెల్వాస్!
బొగొతా రేడియోలో ఆయన గైతా ఊదుతుంటే
మా అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయేది,
చిక్కుడుగింజలు అడుగంటేవి.
ఆ మనిషి ఇక్కడ, పెరట్లో, చిరుగుల బనీనులో
తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి
రొట్టెపిండిలా పిసుకుతున్నాడు.
గోడకి ఆరబెట్టిన బ్రహ్మజెముడు కాడలు,
రేపటి వేణువులు.

"ఎవరమ్మాయివి?"
"నెల్సీ తాపియా. ఇంటర్వ్యూకి."
"ఏ పత్రిక?"
గొంతులో వెలక్కాయ పడింది.
"ఏడో తరగతి."
ఆయన నవ్వలేదు.
స్టూలు మీది కోడిని అదిలించి, కూర్చోమన్నాడు.

మొదటి ప్రశ్న: శాంతి అంటే ఏమిటి?
ఆ ఏడాది అందరూ అదే అడుగుతున్నారు,
గోడల మీద, చర్చిలో,
హెలికాప్టర్లోంచి రాలిన కాగితాల మీద.

ఆయన బాతు ఈక కాడని మైనంలో గుచ్చి
ఒంటికన్నుతో అందులోంచి ఎండని చూసి
"రెండో ప్రశ్న?" అన్నాడు.
రెండోది, మీకిష్టమైన తిండి.
దానికి మాత్రం జవాబు చాలా పొడుగు.
కందగడ్డ పులుసు, ఉప్పుజున్ను,
జున్ను ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు వెయ్యకూడదు.

ఏడోది: మగ గైతా ఊదే రోసెందో మీ ప్రాణస్నేహితుడా?

మైనం పిసికే వేళ్ళు ఆగాయి.
"వాడితో మాట్లాడి తొమ్మిదేళ్ళు.
నా కొడుకుని ఎక్కించుకుపోయిన లారీకి
మా ఇల్లు చూపించింది వాడి కొడుకు.
చూపించాడో, చూపించకపోతే చంపుతామన్నారో.
అడుగుదామంటే ఆ పిల్లాడూ తిరిగి రాలేదు."

"కానీ జూన్‌లో, చౌరస్తాలో, మీరిద్దరూ…"

"ఊదుతాం.
ఆడ గైతాకి ఐదు రంధ్రాలు, మగదానికి రెండు.
ఆడది ఒక్కత్తే మోగితే
నూనె లేని తలుపు గాలికి ఊగినట్టుంటుంది.
ముప్పైయేళ్ళుగా వాడి పక్కనే ఊదుతున్నాను.
నా దమ్ము ఎక్కడ అయిపోతుందో వాడికి తెలుసు,
నా పెళ్ళానికి తెలీదు."

"మరి క్షమించేశారా?"
నోటుబుక్కులో లేని ప్రశ్న ఇది. ఎలా వచ్చిందో.

"లేదు."

టేపులో ఇక్కడ ఒక బకెట్టు దొర్లుతుంది, కుక్క అరుస్తుంది.

"శనివారం ఒక పెళ్ళి ఉంది. ప్రాక్టీసు చెయ్యాలి."

దడి తలుపు తెరుచుకుంది.
గడ్డి టోపీ, ఎడమ చెప్పుకి ఇనుపతీగ ముడి.
వచ్చినాయన పలకరించలేదు, ఈయనా తలెత్తలేదు.
బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు,
మధ్యలో ఇద్దరు కుర్రాళ్ళు పట్టేంత ఖాళీ.
ఒక చేత్తో వేణువు, ఇంకో చేత్తో గింజల బుర్ర,
రోసెందో బుర్రని ఒక్కసారి విదిలించాడు.
రెండు ఛాతీలు ఒకేసారి పైకి లేచాయి.

తొమ్మిది ప్రశ్నలు మిగిలిపోయాయి.

సోమవారం కొత్త బ్యాటరీలు వేసి క్లాసులో వినిపించాను.
ఎలియేసర్ బుయెల్వాస్ కోడిపిల్లలా కిచకిచలాడాడు.
క్లాసంతా బెంచీలు చరిచి నవ్వింది.
"మొదటి ప్రశ్నకి జవాబేదీ?" అని
టీచరు పదికి నాలుగు వేసింది.

తప్పు నాదే.
ఆ పెరట్లో నా బ్యాటరీలు చచ్చిపోతూ ఉన్నాయి,
టేపు నీరసంగా తిరుగుతూ ఆయన్ని ఎక్కించుకుంది.

ఇప్పుడు నా సొరుగులో
పారెయ్యాల్సిన బ్యాటరీలు ఒక డబ్బా నిండా.
ఏ పాత రేడియోదో ఒక జత తీసి వేస్తాను,
ఎక్కువా కాదు, తక్కువా కాదు, సరిగ్గా ఆపాటి అలసటవి.
అప్పుడు వస్తుంది ఆయన గొంతు, ఆయన గొంతులాగే.
"లేదు" అంటుంది.
బకెట్టు దొర్లుతుంది.
తర్వాత ఆ ఊపిరి,
ఒకటో రెండో చెప్పలేం.